ఐరోపా ప్రయాణంలో చిప్ క్రెడిట్ కార్డుల వినియోగం

చిప్ క్రెడిట్ కార్డు అనగా ఒక చిన్న మైక్రోప్రాసెసర్‌ను ప్లాస్టిక్‌లో పొదిగి తయారు చేసిన చెల్లింపు కార్డు. ఐరోపా దేశాలలో దుకాణాలు, హోటళ్ళు, రైల్వే స్టేషన్లు, టోల్ గేట్లు మరియు పెట్రోలు బంకులలో కార్డు చెల్లింపులు ప్రధానంగా ఈ చిప్ ఆధారంగానే జరుగుతాయి. చిప్ ఆ కార్డు అసలైనదని నిరూపిస్తుంది. కార్డును పట్టుకున్న వ్యక్తి దాని యజమానియే అని నిరూపించడానికి పిన్ అనే రహస్య సంఖ్య ఉపయోగపడుతుంది. ఇతర ఖండాల నుండి వచ్చే ప్రయాణికుల కార్డులు ఐరోపాలో తిరస్కరింపబడడానికి అనేక సందర్భాలలో కారణం ఖాతాలో డబ్బు లేకపోవడం కాదు. యజమానిని గుర్తించడానికి కార్డుకు తెలిసిన పద్ధతి ఒకటి, అక్కడి యంత్రం కోరే పద్ధతి మరొకటి కావడమే ఆ కారణం. ఈ తేడా దుకాణంలో చిన్న అసౌకర్యంగా కనిపించినా, రాత్రివేళ సిబ్బంది లేని స్టేషన్‌లో టికెట్ యంత్రం ముందు నిలబడినవారికి పెద్ద సమస్య అవుతుంది.

కార్డు నిర్మాణం

చెల్లింపు కార్డుల కొలతలను అంతర్జాతీయ ప్రమాణాలు నిర్ణయిస్తాయి. కార్డు పొడవు 85.60 మి.మీ., వెడల్పు 53.98 మి.మీ., మందం సుమారు 0.76 మి.మీ. ఉంటుంది. ముందువైపు ఎడమ భాగాన కనిపించే బంగారు లేదా వెండి రంగు పలక చిప్ కాదు. అది చిప్‌కు విద్యుత్తును, సంకేతాలను అందించే లోహపు స్పర్శా ఫలకం. అసలు చిప్ దాని అడుగున ఉంటుంది. చిప్‌కు సొంత బ్యాటరీ లేదు. కార్డును యంత్రంలో పెట్టినప్పుడు ఈ ఫలకం ద్వారా విద్యుత్తు అందుకొని పనిచేస్తుంది.

కార్డు వెనుక ఉండే నల్లని అయస్కాంత పట్టీ పాత సాంకేతికతకు చెందినది. పట్టీలోని సమాచారం ఎన్నిసార్లు చదివినా ఒకటే. కనుక దానిని ఒకసారి దొంగిలించినవారు అదే సమాచారంతో మరో కార్డును తయారు చేయగలరు. పట్టీలో నమోదైన మూడంకెల సేవా సంకేతంలో మొదటి అంకె 2 లేదా 6 అయితే ఆ కార్డుకు చిప్ ఉన్నదని అర్థం. అందువలన చిప్ కార్డును గీకినపుడు యంత్రం దానిని లోపల పెట్టమని కోరుతుంది. మాస్టర్‌కార్డ్ సంస్థ 2021లో చేసిన ప్రకటన ప్రకారం అయస్కాంత పట్టీని దశలవారీగా తొలగించి, 2033 నాటికి తన కార్డులపై పూర్తిగా లేకుండా చేయాలన్నది లక్ష్యం.

చరిత్ర

కార్డులో ఎలక్ట్రానిక్ వలయాన్ని పొదిగే ఆలోచనకు 1960ల చివరలో జర్మనీకి చెందిన హెల్ముట్ గ్రోట్రుప్, యుర్గెన్ డెత్‌లోఫ్ రూపమిచ్చారు. ఫ్రెంచి ఆవిష్కర్త రోలాండ్ మొరెనో 1974లో జ్ఞాపకశక్తి గల కార్డుకు పేటెంటు దాఖలు చేశాడు. 1970ల చివరలో ఫ్రాన్సులోని బుల్ సంస్థలో మిషెల్ ఉగోన్ మైక్రోప్రాసెసర్ కార్డును అభివృద్ధి పరచాడు.

ఫ్రాన్సులో చిప్ తొలుత 1983 నుండి టెలిఫోన్ కార్డులలో సామాన్య ప్రజలకు పరిచయమైంది. 1992 చివరికి ఫ్రెంచి బ్యాంకు కార్డులన్నింటికీ చిప్ అమర్చారు. ఆ కాలంలో ప్రతి చెల్లింపుకూ టెలిఫోన్ ద్వారా బ్యాంకును సంప్రదించడం ఖర్చుతోనూ, ఆలస్యంతోనూ కూడిన పని. చిప్ ఉంటే పిన్‌ను కార్డే సరిచూడగలదు. చిన్న మొత్తాలను బ్యాంకును అడగకుండానే ఆమోదించవచ్చు. ఐరోపా పిన్ వైపు, ఆఫ్‌లైన్ చెల్లింపుల వైపు మొగ్గడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఫ్రెంచి చిప్ ఫ్రాన్సుకే పరిమితమైన ప్రమాణాన్ని అనుసరించేది. అన్ని దేశాలలో పనిచేసే ప్రమాణం కోసం యూరోపే, మాస్టర్‌కార్డ్, వీసా సంస్థలు 1990ల మధ్యలో కలిసి పనిచేశాయి. ఈ మూడు పేర్ల మొదటి అక్షరాల నుండి ఈఎంవీ అనే పేరు వచ్చింది. 1999లో ఈ ప్రమాణాల నిర్వహణకు ఈఎంవీకో అనే సంస్థ ఏర్పడింది. 2002లో యూరోపే మాస్టర్‌కార్డ్‌లో విలీనమైంది. తరువాత జేసీబీ, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డిస్కవర్, యూనియన్‌పే కూడా ఈఎంవీకోలో భాగస్వాములయ్యాయి.

2005 జనవరి 1 నుండి ఐరోపాలో నష్టబాధ్యత నియమం మారింది. నకిలీ కార్డు వలన నష్టం కలిగితే, చిప్ సౌకర్యం ఏర్పాటు చేసుకోని పక్షమే దానిని భరించాలి. ఈ నియమం వలన దుకాణాలు, బ్యాంకులు వేగంగా చిప్ పద్ధతికి మారాయి. బ్రిటన్‌లో 2003లో నార్తాంప్టన్ పట్టణంలో ప్రయోగాత్మకంగా మొదలైన చిప్ మరియు పిన్ పద్ధతి, 2006 ఫిబ్రవరి 14 నుండి దాదాపు అన్ని కొనుగోళ్ళకు తప్పనిసరి అయింది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఈ మార్పుకు చాలా ఆలస్యంగా సిద్ధపడ్డాయి. 2013 చివరలో టార్గెట్ దుకాణాల నుండి సుమారు 4 కోట్ల కార్డుల సమాచారం చోరీకి గురికావడం అక్కడ చిప్ అవసరాన్ని చర్చకు తెచ్చింది. నష్టబాధ్యత మార్పు అక్కడ 2015 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది.

పనిచేసే విధానం

చిప్ చెల్లింపులో మూడు ప్రశ్నలకు వరుసగా సమాధానం లభించాలి.

* కార్డు అసలైనదేనా? చిప్‌లోని రహస్య తాళాల ద్వారా యంత్రం దీనిని సరిచూస్తుంది. చిప్ ప్రతి చెల్లింపుకూ ఒక కొత్త గూఢసంకేతాన్ని తయారు చేస్తుంది. ఒకసారి వాడిన సంకేతం మరోసారి చెల్లదు. కాబట్టి దానిని దొంగిలించినా ప్రయోజనం ఉండదు.
* కార్డును వాడుతున్నది యజమానియేనా? పిన్, సంతకం, లేదా ఏ ధ్రువీకరణా లేకపోవడం అనే మార్గాలలో ఒకటి దీనికి ఎంపిక అవుతుంది.
* బ్యాంకు అంగీకరిస్తున్నదా? సాధారణంగా యంత్రం కార్డు జారీచేసిన బ్యాంకును సంప్రదిస్తుంది. కొన్ని చోట్ల సంప్రదించకుండానే చిప్ స్వయంగా ఆమోదిస్తుంది.

రెండవ ప్రశ్న విషయంలో ప్రతి చిప్‌లోనూ ఒక జాబితా ఉంటుంది. యజమానిని ఏయే పద్ధతులలో, ఏ వరుసలో ధ్రువీకరించాలో జారీచేసిన బ్యాంకు ఆ జాబితాలో రాసి ఉంచుతుంది. చెల్లింపు యంత్రానికి కూడా తాను చేయగలిగిన పద్ధతులు కొన్ని ఉంటాయి. కార్డు జాబితాలో పైనుండి కిందికి చూస్తూ, తనకు సాధ్యమైన మొదటి పద్ధతిని యంత్రం ఎంచుకుంటుంది. రెండింటికీ ఉమ్మడి పద్ధతి ఏదీ లేకపోతే చెల్లింపు సాధారణంగా విఫలమవుతుంది.

ఆన్‌లైన్ పిన్, ఆఫ్‌లైన్ పిన్

పిన్‌లో రెండు రకాలున్నాయి. ఆన్‌లైన్ పద్ధతిలో, నమోదు చేసిన సంఖ్య గూఢలిపిలో జారీచేసిన బ్యాంకుకు వెళ్తుంది. బ్యాంకు దానిని సరిచూస్తుంది. ఏటీఎంలు ఈ పద్ధతినే వాడతాయి. ఆఫ్‌లైన్ పద్ధతిలో ఆ సంఖ్యను చిప్ తన లోపల దాచుకున్న సంఖ్యతో పోల్చి, సరిపోయిందో లేదో యంత్రానికి చెబుతుంది. ఫ్రాన్సు, బ్రిటన్ దేశాలలో దుకాణాలలోని పిన్ వ్యవస్థ ప్రధానంగా ఆఫ్‌లైన్ పద్ధతిపై నిర్మితమైంది. అందువలన ఏటీఎంలో చక్కగా పనిచేసిన కార్డు, అదే వీధిలోని టికెట్ యంత్రంలో పనిచేయకపోవడం సంభవమే.

ఆఫ్‌లైన్ పిన్ గల కార్డులో మరొక చిక్కు ఉన్నది. యజమాని ఫోను ద్వారా గానీ, బ్యాంకు వెబ్‌సైటు ద్వారా గానీ పిన్ మార్చుకుంటే బ్యాంకు వద్ద సంఖ్య మారుతుంది. చిప్‌లోని సంఖ్య మాత్రం, ఆ కార్డును బ్యాంకుతో సంధానమైన యంత్రంలో పెట్టి వాడేవరకు పాతదే ఉండవచ్చు. ప్రయాణానికి ముందు కొత్త పిన్‌తో స్వదేశంలోని తమ బ్యాంకు ఏటీఎంలో ఒకసారి కార్డును ఉపయోగించడం ఇందుకే మంచిది. తప్పు పిన్‌ను సాధారణంగా మూడుసార్లు నమోదు చేస్తే పిన్ స్తంభించిపోతుంది. దానిని విదేశంలో తిరిగి తెరిపించుకోవడం కష్టం.

మనిషి లేని యంత్రాల వద్ద సమస్య

అమెరికన్ బ్యాంకులు 2010ల నుండి ఇచ్చిన చిప్ క్రెడిట్ కార్డులలో అధికభాగం సంతకానికి ప్రాధాన్యం ఇచ్చేవి. కొన్నింటిలో పిన్ అసలు ఉండేది కాదు. దుకాణంలో గుమాస్తా ఉంటే రసీదుపై సంతకం తీసుకొని పని ముగించగలడు. టికెట్ యంత్రం, టోల్ గేటు, స్వయంసేవా పెట్రోలు బంకు సంతకాన్ని తీసుకోలేవు. అవి పిన్ కోరతాయి. పిన్ లేని కార్డును తిప్పి పంపుతాయి.

ఫ్రాన్సు, నెదర్లాండ్స్, బెల్జియం వంటి దేశాల రైల్వే టికెట్ యంత్రాల వద్ద ఈ సమస్య ఎక్కువగా కనిపించేది. 2007లో ప్యారిస్‌లో ప్రారంభమైన వెలిబ్ అద్దె సైకిళ్ళ కేంద్రాలలో తొలినాళ్ళలో చిప్ లేని విదేశీ కార్డులు చెల్లేవి కావు. ఆదివారం సాయంత్రం పల్లెప్రాంతపు పెట్రోలు బంకులో సిబ్బంది ఉండరు. అక్కడ యంత్రం కార్డును నిరాకరిస్తే బండి కదలదు. టోల్ గేటు వద్ద కార్డు పనిచేయకపోతే వెనుక వాహనాల వరుస పెరుగుతుంది. అమెరికాలో స్థిరపడి ఐరోపా విహారానికి వెళ్ళే తెలుగువారికి కూడా ఈ అనుభవం కొత్త కాదు.

తరువాతి కాలంలో ఈ ఇబ్బంది కొంత తగ్గింది. చిన్న మొత్తాలకు ధ్రువీకరణ అక్కరలేదని అంగీకరించే యంత్రాలు పెరిగాయి. రవాణా ఛార్జీలు, పార్కింగ్ రుసుములు స్వీకరించే మనిషి లేని యంత్రాలకు ఐరోపా సమాఖ్య చెల్లింపుల నిబంధనలు కఠిన ధ్రువీకరణ నుండి మినహాయింపు ఇచ్చాయి. ఈ నిబంధనలు 2019 సెప్టెంబరు 14న అమలులోకి వచ్చాయి. అయితే మినహాయింపును వాడుకోవాలా లేదా అన్నది ఆ యంత్రాన్ని నిర్వహించేవారి ఇష్టం. కనుక పిన్ లేని కార్డు ఒక్కటే నమ్ముకొని ప్రయాణించడం క్షేమం కాదు.

స్పర్శరహిత చెల్లింపులు

కార్డును యంత్రానికి దగ్గరగా చూపి చెల్లించే పద్ధతిలో చిప్ రేడియో తరంగాల ద్వారా సంభాషిస్తుంది. చిన్న మొత్తాలకు పిన్ అవసరం లేదు. ఐరోపా సమాఖ్య 2019 నిబంధనలు ఒక్కో చెల్లింపుకు 50 యూరోలను గరిష్ఠ పరిమితిగా పేర్కొన్నాయి. అంతేకాక, మొత్తం 150 యూరోలు దాటినపుడు గానీ, వరుసగా ఐదు చెల్లింపులు జరిగినపుడు గానీ తిరిగి ధ్రువీకరణ కోరాలని తెలిపాయి. బ్రిటన్‌లో 2007లో 10 పౌండ్లతో మొదలైన పరిమితి పలుమార్లు పెరిగి 2021 అక్టోబరులో 100 పౌండ్లకు చేరింది.

పరిమితి దాటినపుడు కొన్ని దేశాలలో యంత్రం అక్కడికక్కడే పిన్ అడుగుతుంది. ఆఫ్‌లైన్ పిన్ వాడే చోట కార్డును లోపల పెట్టమంటుంది. కార్డును గాలిలో చూపి తీసివేసిన తరువాత చిప్ పిన్‌ను సరిచూడలేకపోవడమే ఇందుకు కారణం.

లండన్ నగరంలో 2012 డిసెంబరు నుండి బస్సులలో, 2014 సెప్టెంబరు నుండి భూగర్భ రైళ్ళలో బ్యాంకు కార్డుతో నేరుగా ప్రయాణించవచ్చు. 2014 జూలై నుండి అక్కడి బస్సులలో నగదు తీసుకోవడం మానివేశారు. రైలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకే కార్డును చూపాలి. ఎక్కేటప్పుడు కార్డును, దిగేటప్పుడు అదే కార్డు నమోదైన ఫోనును చూపితే వ్యవస్థ వాటిని రెండు వేర్వేరు ప్రయాణాలుగా భావించి గరిష్ఠ ఛార్జీ వసూలు చేస్తుంది. నెదర్లాండ్స్‌లో 2023 జూన్ నుండి దేశవ్యాప్తంగా ప్రజారవాణాలో ఇటువంటి సౌకర్యం అమలులో ఉన్నది.

దేశాల మధ్య తేడాలు

ఐరోపా అంతటా చిప్ ఒకటే అయినా, కార్డుల ఆదరణ ఒకే విధంగా లేదు. జర్మనీలో నగదు వాడకం ఎక్కువ. కొన్ని చిన్న దుకాణాలు, భోజనశాలలు ఆ దేశపు జిరోకార్డ్ అనే డెబిట్ కార్డును మాత్రమే స్వీకరిస్తాయి. అక్కడ అంతర్జాతీయ క్రెడిట్ కార్డు ఉన్నా నగదు అవసరం కావచ్చు. నెదర్లాండ్స్‌లో చాలాకాలం పాటు అనేక దుకాణాలు, రైల్వే యంత్రాలు మాస్ట్రో వంటి డెబిట్ కార్డులకే పరిమితమయ్యాయి. 2023 జూలై నుండి ఐరోపాలో కొత్త మాస్ట్రో కార్డుల జారీ నిలిచిపోయింది. స్వీడన్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ అనేక దుకాణాలు నగదును అసలు తీసుకోవు.

భారతీయ కార్డులు

భారతదేశంలో కొత్తగా జారీచేసే కార్డులన్నీ చిప్ మరియు పిన్ కలిగి ఉండాలని రిజర్వు బ్యాంకు 2015లో ఆదేశించింది. పాత అయస్కాంత పట్టీ కార్డులను మార్చడానికి 2018 డిసెంబరు 31 గడువుగా విధించింది. దుకాణంలో పిన్ నమోదు చేయడం భారతీయ వినియోగదారులకు అలవాటైన పని. ఈ విషయంలో వారు అమెరికన్ ప్రయాణికుల కన్నా మెరుగైన స్థితిలో ఉన్నారు.

భారతీయులకు ఎదురయ్యే అడ్డంకి వేరొకటి. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, కొత్త కార్డు దేశంలోని ఏటీఎంలలో, దుకాణ యంత్రాలలో మాత్రమే పనిచేసే విధంగా జారీ అవుతుంది. విదేశీ వినియోగం, ఆన్‌లైన్ చెల్లింపులు, స్పర్శరహిత చెల్లింపులను యజమాని స్వయంగా ప్రారంభించుకోవాలి. ఈ నియమం అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి అమలైంది. హైదరాబాదులోనో విజయవాడలోనో రోజూ పనిచేసే కార్డు ప్యారిస్ విమానాశ్రయంలో దిగగానే పనిచేయకపోవడానికి తరచు ఇదే కారణం. బ్యాంకు యాప్‌లో ఈ సౌకర్యాలను ప్రారంభించి, ఒక్కొక్కదానికి పరిమితిని నిర్ణయించుకోవచ్చు. అంతర్జాతీయ వినియోగాన్ని ప్రారంభించి స్పర్శరహిత సౌకర్యాన్ని మరచిపోతే దుకాణంలో పని జరుగుతుంది గానీ, కార్డు చూపి బస్సు ఎక్కడం సాధ్యపడదు.

కరెన్సీ మార్పిడి మరియు రుసుములు

చిప్ చెల్లింపు సమయంలో యంత్రం కార్డు ఏ దేశానిదో గుర్తించగలదు. ఆపై మొత్తాన్ని యూరోలలో చెల్లిస్తారా, రూపాయలలోనా అని అడగవచ్చు. రూపాయలను ఎంచుకుంటే మార్పిడి ధరను దుకాణం తరఫు సంస్థ నిర్ణయిస్తుంది. అది సాధారణంగా కార్డు సంస్థ ధర కన్నా ఎక్కువ భారం మోపుతుంది. కనుక స్థానిక కరెన్సీని ఎంచుకోవడం మేలు. ఏటీఎంలలో కూడా ఈ ప్రశ్న ఎదురవుతుంది.

భారతీయ క్రెడిట్ కార్డులలో చాలావాటిపై విదేశీ చెల్లింపుకు అదనపు రుసుము ఉంటుంది. ఉదాహరణకు 3.5 శాతం రుసుము గల కార్డుతో 100 యూరోల హోటలు బిల్లు చెల్లిస్తే రుసుము 3.50 యూరోలు అవుతుంది. దానిపై 18 శాతం జీఎస్టీ 0.63 యూరో చేరి అదనపు భారం 4.13 యూరోలకు చేరుతుంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎం నుండి నగదు తీస్తే, ప్రత్యేక రుసుముతో పాటు సాధారణంగా ఆ రోజు నుండే వడ్డీ లెక్కిస్తారు. అందువలన నగదుకు డెబిట్ లేదా ముందస్తు చెల్లింపు ప్రయాణ కార్డు అనుకూలం. హోటళ్ళు, అద్దె కార్ల సంస్థలు, స్వయంసేవా పెట్రోలు బంకులు అసలు బిల్లు కన్నా పెద్ద మొత్తాన్ని తాత్కాలికంగా నిలిపి ఉంచవచ్చు. డెబిట్ కార్డు ఇస్తే ఖాతాలోని సొంత డబ్బే కొంతకాలం అందుబాటులో లేకుండా పోతుంది.

భద్రత, లోపాలు మరియు బాధ్యత

చిప్ కార్డులను నకలు చేయడం పట్టీ కార్డుల కన్నా ఎంతో కష్టం. అయితే ఈ పద్ధతికి లోపాలు లేవని చెప్పలేము. ఫ్రెంచి ఇంజనీరు సెర్జ్ హంపిష్ 1990ల చివరలో అప్పటి ఫ్రెంచి కార్డుల గూఢలిపి తాళాన్ని ఛేదించాడు. తాను తయారు చేసిన కార్డులతో యంత్రం నుండి ప్యారిస్ మెట్రో టికెట్లు కొని దానిని నిరూపించాడు. 2000లో న్యాయస్థానం అతనికి 10 నెలల శిక్ష విధించి, దాని అమలును నిలిపివేసింది. 2010 జనవరిలో, సాఫ్టువేరు 2010 సంవత్సరాన్ని సరిగా గుర్తించలేకపోవడం వలన జర్మనీలో సుమారు 3 కోట్ల చిప్ కార్డులకు అంతరాయం కలిగింది.

అదే సంవత్సరం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు స్టీవెన్ మర్డాక్, రాస్ ఆండర్సన్ తదితరులు మరొక లోపాన్ని బయటపెట్టారు. దొంగిలించిన కార్డుకూ యంత్రానికీ మధ్య ఒక పరికరాన్ని అమర్చి, పిన్ సరిపోయిందని యంత్రాన్నీ, సంతకం తీసుకున్నారని కార్డునూ నమ్మించవచ్చని వారు చూపారు. 2011లో ఫ్రాన్సులో కొందరు నేరస్థులు ఇటువంటి పద్ధతినే వాడినట్లు తరువాత తేలింది.

ఈ పరిశోధన ప్రాముఖ్యత సాంకేతికతకే పరిమితం కాదు. పిన్ నమోదైన చెల్లింపు వివాదంలో పడితే, యజమాని తన సంఖ్యను అజాగ్రత్తగా ఉంచాడని బ్యాంకులు వాదించే అవకాశం ఉన్నది. అనగా పిన్ తాళంచెవి మాత్రమే కాదు, సాక్ష్యం కూడా. భారతీయ రిజర్వు బ్యాంకు 2017 జూలైలో జారీచేసిన నిబంధనలలో, ఖాతాదారుని తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేని మోసం గురించి సమాచారం అందిన మూడు పనిదినాలలోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారునికి బాధ్యత ఉండదని పేర్కొన్నది. పిన్‌ను ఇతరులకు తెలిపిన సందర్భంలో, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం ఖాతాదారునిదే అని కూడా తెలిపింది. కాబట్టి ప్రయాణంలో ఉన్నా బ్యాంకు సందేశాలను గమనిస్తూ, అనుమానం కలిగిన వెంటనే తెలియపరచడం అవసరం.

ప్రయాణానికి ముందు జాగ్రత్తలు

* కార్డుకు అంతర్జాతీయ మరియు స్పర్శరహిత వినియోగాన్ని బ్యాంకు యాప్‌లో విడివిడిగా ప్రారంభించాలి.
* కార్డుకు పిన్ ఉన్నదా, అది దుకాణ యంత్రాలలో ఆఫ్‌లైన్‌గా పనిచేస్తుందా అని బ్యాంకును అడగాలి. ఏటీఎంలో నగదు తీయడానికి పనికివచ్చే పిన్ టికెట్ యంత్రంలోనూ చెల్లుతుందని అనుకోరాదు.
* పిన్‌ను అంకెలుగా గుర్తుంచుకోవాలి. అక్షరాలుగా గుర్తుంచుకున్నవారికి అక్షరాలు లేని మీటల పలకపై ఇబ్బంది కలుగుతుంది.
* కనీసం రెండు వేర్వేరు సంస్థల కార్డులను తీసుకువెళ్ళి, వాటిని వేర్వేరు చోట్ల ఉంచాలి.
* బ్యాంకులో నమోదైన ఫోను నంబరు విదేశంలో సందేశాలు అందుకునేలా చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో రైలు టికెట్లు కొనేటప్పుడు ఓటీపీ అవసరం కావచ్చు.
* యంత్రంలో పెట్టిన కార్డును తెరపై సూచన వచ్చేవరకు బయటకు తీయరాదు. మధ్యలో తీస్తే చెల్లింపు రద్దవుతుంది.
* మనిషి లేని యంత్రం కార్డును నిరాకరిస్తే, పిన్‌ను పదేపదే ప్రయత్నించకుండా మరో కార్డును గానీ, సిబ్బంది ఉన్న కౌంటరును గానీ ఆశ్రయించాలి.
* కొంత నగదును, ముఖ్యంగా నాణేలను దగ్గర ఉంచుకోవాలి.

ఇవి కూడా చూడండి

* క్రెడిట్ కార్డు
* డెబిట్ కార్డు
* ఏటీఎం
* యూరో
* భారతీయ రిజర్వు బ్యాంకు